నిర్వహణ లేని కూడలిలో ప్రమాదం జరిగితే స్థానిక సంస్థ పరిహారం చెల్లించాలా?

బాటసారి:
సిగ్నలు నెలల తరబడి ఆరిపోయి, ఆగవలసిన చోట గీసిన తెల్లగీత చెరిగిపోయి, మలుపు దగ్గర పెరిగిన పొద అడ్డురోడ్డును కప్పేసిన కూడలిలో రెండు వాహనాలు ఢీకొంటే, కేసు ఆ ఇద్దరు డ్రైవర్ల మధ్యే నడుస్తుంది. కూడలి బాగోగులు చూడవలసిన పురపాలక సంస్థ పేరు ఆ కాగితాల్లో కనిపించదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 198ఎ సెక్షనును చేర్చింది. రోడ్డు రూపకల్పన, నిర్మాణం, నిర్వహణల్లో భద్రతా ప్రమాణాలు పాటించనందువల్ల మరణం గాని వైకల్యం గాని సంభవిస్తే, బాధ్యులకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. అయితే ఆ సొమ్ము ప్రమాద నిధికి జమ అవుతుంది తప్ప నేరుగా బాధితుడి చేతికి రాదు. స్థానిక సంస్థే బాధితుడికి పరిహారం చెల్లించాలన్నది నా వాదన.

స్టాప్‌లైన్:
సిగ్నలు వెలగనప్పుడు ఆగి, రెండు వైపులా చూసుకొని దాటడం డ్రైవరు బాధ్యత. ఆగని వాడికి పరిహారం ఎందుకివ్వాలి?

పాత ఇంజినీరు:
పురపాలక ఇంజినీరింగ్ విభాగంలోనే నా ఉద్యోగకాలమంతా గడిచింది కనుక అవతలి వైపు కూడా చెబుతాను. ఒక ఊళ్లో బాగు చేయవలసిన కూడళ్లు ఎన్నో ఉంటాయి, మంజూరయ్యే నిధి మాత్రం వాటిలో కొన్నింటికే సరిపోతుంది. దేనిని ముందు చేయాలన్నది పాలనాపరమైన నిర్ణయం. 1996లో, అప్పటికి అక్కడి అత్యున్నత న్యాయస్థానంగా కూడా ఉన్న బ్రిటన్ ప్రభువుల సభ తీర్పు చెప్పిన స్టోవిన్ కేసు ఇలాంటిదే. కూడలి దగ్గర చూపుకు అడ్డుగా ఉన్న మట్టిగట్టును తొలగించాలని నార్‌ఫోక్ కౌంటీ కౌన్సిల్ అనుకున్నది. ఆ నేల రైల్వేది కావడంతో ఉత్తరం రాసింది, జవాబు రాకపోవడంతో విషయం అక్కడే ఆగిపోయింది. తరువాత అక్కడ ఒక మోటారు సైకిలిస్టు తీవ్రంగా గాయపడ్డాడు. అయినా కౌన్సిల్ పరిహారం చెల్లించనక్కరలేదనే తేల్చారు. అధికారం ఉండటం వేరు, విధి ఉండటం వేరు. ప్రతి ప్రమాదానికీ పరిహారం చెల్లిస్తూ పోతే, ఆ డబ్బు రేపు సిగ్నళ్లు బాగు చేయవలసిన పద్దు నుంచే పోతుంది.

బాటసారి:
ఇంజినీరు గారూ, ఆ తీర్పులో ముగ్గురు ఒక వైపు, ఇద్దరు మరో వైపు ఉన్నారు. కింది న్యాయస్థానం కౌన్సిల్‌ మీద 30 శాతం బాధ్యత మోపింది. స్టాప్‌లైన్ గారికి కూడా ఇదే నా జవాబు. డ్రైవరు వంతు తప్పు ఎంత ఉంటే పరిహారంలో అంత తగ్గిస్తారు, అంతేగాని ఒకరి తప్పు రెండో వారి తప్పును తుడిచెయ్యదు. మన సుప్రీంకోర్టు అయితే ఢిల్లీలో గడియార స్తంభం కూలి మనుషులు చనిపోయిన కేసులో 1966లోనే, లోపం పైకి కనబడలేదన్న కారణంతో నగరపాలక సంస్థ తప్పించుకోలేదని చెప్పింది. ఎండిన చెట్టు కొమ్మ విరిగిపడి స్కూటరు మీద వెళ్తున్న వ్యక్తి చనిపోయిన కేసులోనూ 1999లో అదే సంస్థను బాధ్యురాలిని చేసింది. ఎండిన కొమ్మకు వర్తించిన న్యాయం ఆరిపోయిన సిగ్నలుకు ఎందుకు వర్తించకూడదు?

స్టాప్‌లైన్:
కొమ్మ పైనుంచి పడుతుంది, దాన్ని ముందుగా చూడలేము. ఆరిపోయిన సిగ్నలు మాత్రం దూరం నుంచే కనబడుతుంది. ఆగి చూడాలి.

పెద్దన్న:
ఆగి చూసినా కనబడని కూడళ్లు ఉన్నాయి. మా తమ్ముడు అలాంటి చోటనే పోయాడు. అక్కడ పొద ఎంత ముందుకు వచ్చిందంటే, బండి ముందు చక్రం అడ్డురోడ్డులోకి వెళ్తే గాని ఎదుటి వాహనం కంటబడదు. పోలీసులు 'అతివేగం, నిర్లక్ష్యం' అని రాసి ముగించారు. దినాలు కాకముందే ఎవరో వచ్చి పొద కొట్టేసి, కొత్తగా గీత గీసి వెళ్లారు. ఆ పని అంత సులువైనదైతే ముందే ఎందుకు చేయలేదు?

పాత ఇంజినీరు:
మీ దుఃఖం పట్ల నాకు గౌరవం ఉంది. కాని దుఃఖం ఆధారంగా నియమాలు రాయలేము. ప్రమాదం తరువాత మరమ్మతు చేయడాన్నే నేరాంగీకారంగా తీసుకుంటే, ఇకపై ఎవరూ మరమ్మతు చేయరు.

పెద్దన్న:
నేను నియమాలు రాయమని అడగలేదండీ, జవాబు చెప్పమని అడిగాను. పద్దు, మంజూరు, ప్రాధాన్యం అంటూ మీరు చెబుతున్న ప్రతి మాటలోనూ మా తమ్ముడు ఒక ఖర్చుగానే కనబడుతున్నాడు. ఆ కొడవలికి ఎవరి మంజూరు కావలసి వచ్చిందో చెప్పండి!

పాత ఇంజినీరు:
అయితే వినండి. ఒక కూడలి ప్రమాదకరంగా ఉందని పైవారికి రాతపూర్వకంగా తెలియజేసినవాణ్ణి నేను. నిధులు రాలేదు. ప్రమాదం జరిగాక విచారణలో నా ఉత్తరాన్నే నా ముందు పెట్టి, 'తెలిసి కూడా ఊరుకున్నావు' అన్నారు. నిధులు ఇవ్వని వారిని ఎవరూ పిలవలేదు. ఆ తరువాత మా విభాగంలో లోపాల గురించి ఎవరూ కాగితం మీద పెట్టలేదు. మీరు కోరుతున్న బాధ్యత రాసినవాడి మెడకే చుట్టుకుంటుంది.

బాటసారి:
అసలు చిక్కు ఇక్కడే ఉంది. బాధ్యతను 'తెలిసిందా, లేదా' అన్న ప్రశ్నకు ముడిపెడితే, కార్యాలయాలు తెలుసుకోకుండా ఉండటమే నేర్చుకుంటాయి. న్యూయార్క్ నగరంలో ముందుగా రాతపూర్వకంగా తెలియజేసిన లోపానికే దావా చెల్లుతుందని నియమం పెట్టినప్పుడు, న్యాయవాదులే ఒక సంస్థను ఏర్పరచి కాలిబాటల లోపాలను పటాల్లో గుర్తించి నగరానికి అందజేయవలసి వచ్చింది. బ్రిటన్‌లో 1980 నాటి రహదారుల చట్టం అడిగేది వేరు. తగిన జాగ్రత్త తీసుకున్నామని అక్కడి సంస్థే నిరూపించుకోవాలి, లోపం తెలియకపోయినా తెలిసి ఉండవలసినదేనా అని కోర్టు చూస్తుంది. జపాన్‌లో 1947 నాటి చట్టం ప్రకారం ప్రజా నిర్మాణాల ఏర్పాటులో గాని నిర్వహణలో గాని లోపం ఉంటే చాలు, ఉద్యోగి తప్పును విడిగా నిరూపించనక్కరలేదు. బాధ్యత తనిఖీ చేయకపోవడం మీద పడితే, ఉత్తరం రాసిన ఇంజినీరుకు ఆ ఉత్తరమే రక్షణ అవుతుంది.

పెద్దన్న:
నేను డబ్బు కోసం ఈ మాట ఎత్తలేదు. మా తమ్ముడి పేరు పక్కన 'నిర్లక్ష్యం' అన్న మాట ఒక్కటే మిగిలింది, ఆ కూడలిది అని ఇంకొక మాట రాయడానికి కాగితంలో చోటు లేదు. ఎప్పుడు తనిఖీ చేశారు, ఎవరు చేశారు, ఏమి కావాలన్నారు, ఎవరు కాదన్నారు అన్నది ప్రమాదానికి ముందే అందరూ చూడగలిగేలా ఉండాలి. పేర్లతో ఉండాలి.

పాత ఇంజినీరు:
తనిఖీ పుస్తకం తెరిచి ఉంచడానికి నాకు అభ్యంతరం లేదు. అడిగిన వారి సంతకం పక్కన కాదన్న వారి సంతకం కూడా ఉండాలి. కాని దావా సంస్థ మీద వేయాలి, కింది ఉద్యోగి మీద కాదు. పేర్లతో అన్న మాటకు నేను ఒప్పుకోను.

పెద్దన్న:
పరిహారం సంస్థే ఇవ్వనివ్వండి. కాదన్నవారి పేరు మాత్రం నాకు తెలియాలి.