కాలనీ చర్చలకు సొంత వేదిక కావాలా, వాట్సాప్ గ్రూపు చాలదా?

మూడోఅంతస్తు

మా నివాస సంఘంలో మూడు వందల కుటుంబాల దాకా ఉంటాం. అందరికీ కలిపి ఒకటే వాట్సాప్ గ్రూపు. లిఫ్టు మరమ్మతు కాంట్రాక్టు ఎవరికివ్వాలన్న చర్చ కూడా అందులోనే నడిచింది. మధ్యమధ్యలో పుట్టినరోజు శుభాకాంక్షలు, పోయిన తాళాలు, ఎక్కడెక్కడి వీడియోలు. చివరికి ఏం తేల్చామని అడిగితే ఇప్పుడు నలుగురు నాలుగు మాటలు చెబుతున్నారు. తక్కువ ఖర్చులో సంఘానికి సొంత చర్చా వేదిక ఒకటి ఆన్‌లైన్‌లో పెట్టుకుందామని నేను ప్రతిపాదించాను. కమిటీలో సగం మంది మాత్రం "జనం ఉన్న చోటు వదిలేసి ఎవరూ రాని చోటికి ఎందుకు?" అంటున్నారు. ఖర్చు గురించీ అనుమానాలున్నాయి. ఇలాంటివి నడిపినవాళ్లు, నడపొద్దనుకునేవాళ్లు ఇద్దరూ చెప్పండి.

పొద్దుటిరైలు

నాది వద్దనే మాటే. కొత్త వేదిక అంటే ఇంకో పాస్‌వర్డ్, రోజూ గుర్తుపెట్టుకుని వెళ్లి చూడాల్సిన ఇంకో చోటు. మొదటి వారం అందరూ వచ్చి "నమస్తే, నేను ఫలానా ఫ్లాటు" అని రాస్తారు. ఆ తర్వాత వేదిక పెట్టినాయన, ఆయనతో వాదించే ఇంకొకాయన మిగులుతారు. వాట్సాప్ గ్రూపులో 2022 నుంచి 1,024 మంది దాకా చేరవచ్చు. పోల్స్, కొన్ని గ్రూపులను ఒకే గొడుగు కిందకు తెచ్చే కమ్యూనిటీలు కూడా ఆ ఏడాదే వచ్చాయి. ప్రకటనలకు ఒక గ్రూపు, మరమ్మతులకు ఒకటి, మిగతా కబుర్లకు ఒకటి విడగొట్టండి. నిర్ణయం పోల్‌లో పెట్టండి. డబ్బు ఖర్చు లేదు, ఎవరికీ నేర్పే పని లేదు.

ఇంకొకటి. వేదికను ఉంచే కంప్యూటరు, అంటే సర్వర్, సంగతి చూసుకునే ఉత్సాహవంతుడు రేపు ఇల్లు మారి వెళ్లిపోతే ఆ వేదిక గతేమిటి?

అడ్మిన్‌పని

ఒక చిన్న సంఘానికి వేదిక నడుపుతున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. రైలు గారు చివర్లో అడిగిందే అసలు ప్రశ్న, దానికి తర్వాత వస్తాను. ముందు ఖర్చు.

సాఫ్ట్‌వేర్‌కు ఏమీ కట్టక్కర్లేదు. చర్చా వేదికలు నడిపే సాఫ్ట్‌వేర్ పీహెచ్‌పీబీబీ 2000 నుంచి ఉంది. దానికి కావాల్సిన పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ ఉన్న మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే చాలా సైట్లు ఒకే సర్వర్ పంచుకునే చోట, నడిచిపోతుంది. డిస్కోర్స్ అలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్, తర్వాతి తరానిది, ఫోన్‌లో చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ దానికి సొంత సర్వర్ కావాలి. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కును వాడుకోవడం) పెట్టుకుంటే 1 జీబీ ర్యామ్‌తో లాగించవచ్చు, 2 జీబీ ఉంటే టెన్షన్ ఉండదు. రెండూ ఓపెన్ సోర్సే, అంటే ఎవరైనా ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు. సైటుకూ మనకూ మధ్య సమాచారం భద్రంగా వెళ్లడానికి కావాల్సిన హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇస్తుంది, గడువు తీరేలోగా దానంతటదే రెన్యూ అయ్యేలా పెట్టుకోవచ్చు. మూడు వందల కుటుంబాలంటే సర్వర్ కంపెనీలు అమ్మేవాటిలో అన్నిటికన్నా చిన్నదాంతో సరిపోతుంది. దానికి, డొమైన్‌కు (సైటు చిరునామాకు), అవసరమైతే కింద చెప్పే మెయిల్ సేవకు తప్ప దేనికీ డబ్బు కట్టే పని లేదు.

అసలు తలనొప్పి మెయిల్‌తో వస్తుంది. కొత్తవాళ్లు చేరాలంటే వాళ్లకు ధ్రువీకరణ మెయిల్ అందాలి. దాన్ని సొంత సర్వర్ నుంచి నేరుగా పంపితే చాలాసార్లు స్పామ్‌లో పడుతుంది. కొన్నిసార్లు బయటికే వెళ్లదు, ఎందుకంటే సర్వర్లు అద్దెకిచ్చే చాలా క్లౌడ్ కంపెనీలు మెయిల్ బయటికి వెళ్లే దారి అయిన పోర్ట్ 25ను మూసి ఉంచుతాయి. అందుకే మన తరఫున మెయిల్ చేరవేసే మెయిల్ రిలే సేవ ఒకటి తీసుకుని పోర్ట్ 587 ద్వారా పంపించాలి. ఆ మెయిల్ నిజంగా మన నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు డొమైన్‌కు పెట్టాలి. తెలిసినవాళ్లకు ఒక పూట పని. ఇది సరిచూడకుండా లింకు అందరికీ పంపేస్తే మాత్రం, "నాకు మెయిల్ రాలేదండీ" అన్న మనిషి మళ్లీ ప్రయత్నించడు. ఖాళీగా పడి ఉన్న వేదికల్లో కొన్నింటికి జరిగింది ఇదే. జనానికి ఆసక్తి లేక కాదు, వాళ్లు గుమ్మంలోనే ఆగిపోయారు.

స్పామ్‌కు కూడా ముందే సిద్ధపడాలి. రిజిస్ట్రేషన్ తెరిస్తే బాట్లు (మనుషుల్లా చేరే ప్రోగ్రాములు) రావడానికి ఎక్కువ కాలం పట్టదు. పీహెచ్‌పీబీబీలో చేరేది మనిషో బాటో తేల్చే పరీక్ష, అంటే క్యాప్చా, ప్రశ్న, జవాబు పద్ధతిలో ఉంది. అక్కడ నివసించేవాళ్లకే తెలిసే ప్రశ్న పెట్టుకోవచ్చు. "మన వెనక గేటు రంగు ఏమిటి?" అని అడిగి, ఒప్పుకోవాల్సిన జవాబులు ఒక్కో వరుసలో ఒక్కోటి రాయాలి: ఆకుపచ్చ, పచ్చ, గ్రీన్. వంకర అక్షరాల బొమ్మలు చదవలేని పెద్దవాళ్లకు ఇది ఎంతో నయం.

పొద్దుటిరైలు

మీ అనుభవం మీద గౌరవంతోనే అడుగుతున్నాను. మెయిల్‌కు ఒక పూట, స్పామ్‌కు ఇంకో పూట, తర్వాత అప్‌డేట్లు, పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ల ఫోన్లు. ఒక మనిషి సాయంత్రాలన్నీ దీనికే పోతుంటే దాన్ని తక్కువ ఖర్చు అని ఎలా అంటాం? సంఘం లెక్కల పుస్తకంలో ఆ ఖర్చు ఎక్కదు కాబట్టేనా?

కాగితంకలం

నాకు సర్వర్లు తెలియవు. మా సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను కాబట్టి రికార్డు గురించి చెప్పగలను.

గ్రూపులో కొత్తగా చేరినవారికి వెనకటి చర్చ మొత్తం కనబడదు. పైన కనిపించేలా పిన్ చేసిన మెసేజ్ ఎక్కువలో ఎక్కువ 30 రోజులు నిలుస్తుంది. పోల్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో కనబడుతుంది గానీ, ఏ కొటేషన్ చూసి, ఎవరు ఏ అభ్యంతరం చెబితే, దానికి ఏం జవాబిచ్చి ఆ నిర్ణయం తీసుకున్నామో దాని పక్కన ఉండదు. ఏడాది తర్వాత అదే కాంట్రాక్టరు మళ్లీ వస్తే చర్చ మొదటి నుంచి మొదలు. ఒక్కో విషయానికి ఒక్కో శీర్షిక, దాని కింద వరుసగా జవాబులు, అన్నీ ఒకచోట ఉండటం నాలాంటివాళ్లకు ఎంత పెద్ద సాయమో చెప్పలేను.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. గ్రూపులో చేరామంటే మామూలుగా మన ఫోన్ నంబరు అందరికీ కనబడుతుంది. మా దగ్గర ఒంటరిగా ఉండే ఆడవాళ్లు కొందరు అందుకే చేరలేదు. ఒకరు చేరాక వేళకాని వేళ వచ్చే మెసేజీలు భరించలేక బయటికి వెళ్లిపోయారు. వాళ్లు లేరని ఎవరికీ పట్టలేదు. "అందరూ అక్కడే ఉన్నారు" అనేముందు అక్కడ ఎవరెవరు లేరో ఒకసారి లెక్క తీయండి.

పొద్దుటిరైలు

నంబరు విషయంలో మీరన్నది నిజం అమ్మా, అది నాకు తట్టలేదు. కానీ దానికి సర్వర్ కొనక్కర్లేదు. టెలిగ్రామ్‌లో నంబరు దాచుకోవచ్చు, కొత్తవారికి పాత చర్చ కనబడేలా పెట్టవచ్చు. 2022 చివరి నుంచి గ్రూపును అంశాలవారీగా విడగొట్టుకోవచ్చు కూడా. మీ రెండు ఇబ్బందులూ అక్కడే తీరిపోతాయి.

అడ్మిన్‌పని

సౌకర్యాలు చూస్తే టెలిగ్రామ్ సరిపోతుంది. నా పట్టుదల వేరే దాని మీద. యాహూ గ్రూప్స్ గుర్తుందా? ఎన్నో సంఘాలు ఏళ్ల తరబడి తమ చర్చలు, ఫైళ్లు, ఫోటోలు అందులో దాచుకున్నాయి. 2019 అక్టోబరులో కంపెనీ నిర్ణయం ప్రకటించింది, ఆ డిసెంబరు నుంచి పాతవన్నీ సైటు మీద లేకుండా పోయాయి. 2020 డిసెంబరు 15న సేవే ఆగిపోయింది. దించుకోవడానికి ఇచ్చింది కొద్ది వారాలు. ఆ సమయానికి చాలా గ్రూపుల పాత నిర్వాహకులు ఎక్కడున్నారో కూడా ఎవరికీ తెలియదు. ఉచిత సేవ మూతపడటం ఆ కంపెనీ ఇష్టం, మనం అడగలేం. మన కాలనీ చరిత్ర మన దగ్గర ఉండాలన్నదే నా వాదన.

ఇక ఆ ఉత్సాహవంతుడు వెళ్లిపోతే ఏమిటన్నది. రైలు గారి భయం సబబే, ఎక్కువ వేదికలు పోయేది అలాగే. డొమైన్ వ్యక్తి పేరు మీద కాకుండా సంఘం పేరు మీద, కమిటీ అంతా చూడగలిగే మెయిల్‌తో కొనండి. రెన్యూ చేయమని వచ్చే హెచ్చరికలు వెళ్లిపోయినాయన మెయిల్‌కే వెళుతుంటే ఒకరోజు సైటు తెరుచుకోదు. డాట్ కామ్ లాంటి డొమైన్లు గడువు దాటి రద్దయ్యాక వెనక్కి తెచ్చుకోవడానికి ఇంకో 30 రోజులు ఇస్తారు, అదీ పెద్ద రుసుముతో. ఆ తర్వాత ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇద్దరు అడ్మిన్లు తప్పనిసరి. డిస్కోర్స్‌లో బటన్ నొక్కితే బ్యాకప్ మొత్తం ఒక ఫైలుగా వస్తుంది. దాన్ని సర్వర్ మీదే వదిలేయకుండా నెలకోసారి దించి కార్యదర్శి దగ్గర పెట్టండి. ఒక్కసారైనా ఆ ఫైలును వేరే చోట ఎక్కించి చూడండి. తెరిచి చూడని బ్యాకప్ ఉందో లేదో ఎవరూ చెప్పలేరు.

సాయంత్రాల లెక్క విషయంలో ఆయన మాట ఒప్పుకుంటాను. అది నిజమైన ఖర్చే. అందుకే చూసుకునేవాళ్లకు గౌరవ వేతనం ఏదైనా బడ్జెట్‌లో రాయండి. కనీసం ఏడాదికోసారి బాధ్యత మార్చండి.

జనం రావాలంటే రోజూ వచ్చి చూడమని అడగకండి. కొత్త చర్చలు మెయిల్‌కు వెళ్లేలా పెట్టండి. మెయిల్‌లోనే జవాబు రాసినా వేదికలో పడేలా డిస్కోర్స్‌లో ఏర్పాటు ఉంది. నీళ్లు రాలేదు, కరెంటు పోయింది లాంటివి గ్రూపులోనే ఉండనివ్వండి, వాటిని కదిలించకండి.

మూడోఅంతస్తు

చాలా స్పష్టంగా ఉంది, థాంక్సండీ. ఇంకో భయం గొడవల గురించి. లిఫ్టు చర్చలో ఇద్దరు వ్యక్తిగతంగా తిట్టుకునే దాకా వెళ్లారు. ప్రతి పోస్టూ ముందు కమిటీ చదివి, తర్వాతే పైకి పెట్టాలని ఒక సూచన వచ్చింది.

కాగితంకలం

అలా నడిచేది ఒకటుంది. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఫ్రంట్ పోర్చ్ ఫోరమ్ 2006 నుంచి ఉంది. ఇరుగుపొరుగువాళ్లు అసలు పేర్లతో రాస్తారు, పైకి వెళ్లేముందు మోడరేటర్లు చదువుతారు. రాసినవన్నీ కలిపి మామూలుగా రోజుకోసారి మెయిల్‌లో వస్తాయి. కోపంలో రాసిన మాటకు అదే నిమిషంలో జవాబు పడదు. ఆ ఆలస్యమే దాని బలం అనిపిస్తుంది నాకు.

పొద్దుటిరైలు

దీనికి మాత్రం గట్టిగా అడ్డం చెబుతాను. అక్కడ చదివేది ఆ పనికే పెట్టుకున్న మనుషులు. ఇక్కడ కమిటీ చదువుతుంది. ఫిర్యాదు కమిటీ మీదే అయితే? లిఫ్టు కాంట్రాక్టు కోశాధికారి బంధువుకు వెళ్లిందని ఎవరైనా రాస్తే, ఆ పోస్టును పైకి పంపాల్సింది ఆ కోశాధికారేనా? వాట్సాప్ ఎంత గందరగోళమైనా, అందులో కనీసం ఒక్కో మెసేజ్‌ను ముందే చదివి ఆపే పద్ధతి లేదు.

అడ్మిన్‌పని

ఈ మాటకు నేను రైలు గారి వైపు. ముందస్తు అనుమతి వద్దు. డిస్కోర్స్‌లో ఒక్కో సభ్యుడికి నమ్మకాన్ని బట్టి సున్నా నుంచి నాలుగు దాకా స్థాయిలు ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లు వరసపెట్టి లింకులు, బొమ్మలు పెట్టకుండా ఆ స్థాయే ఆపుతుంది. తిట్లు కనిపిస్తే సభ్యులే ఫ్లాగ్ చేస్తారు, అంటే అభ్యంతరకరమని గుర్తు పెడతారు, తగినన్ని ఫ్లాగులు పడితే పోస్టు దానంతటదే మరుగున పడుతుంది. వేడెక్కిన చర్చకు స్లో మోడ్ పెడితే ఒక్కొక్కరు మళ్లీ రాయడానికి కొంతసేపు ఆగాలి, కలం గారు కోరే ఆలస్యం అలా వస్తుంది. మోడరేటర్లు కమిటీలో లేనివాళ్లు అయి ఉండాలి. ఏదైనా తొలగిస్తే ఎందుకో ఒక వాక్యం అక్కడే రాయాలి.

అసలు వేదిక బతకాలంటే కమిటీ తన కాగితాలు ముందు అక్కడ పెట్టాలి. కొటేషన్లు, సమావేశం మినిట్స్, నెల లెక్కలు ఇంకెక్కడా దొరకకపోతే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు.

పొద్దుటిరైలు

జనం వస్తారన్న నమ్మకం నాకింకా లేదు. కానీ లెక్కలు అందులో పెడతామని కమిటీ రాసిస్తే నేను ఓటు వేస్తాను. రాసివ్వకపోతే వేయను, అప్పుడది కబుర్లకు ఇంకో చోటు అవుతుంది.

మూడోఅంతస్తు

అయితే ప్రతిపాదన మార్చి రాస్తున్నాను. గ్రూపు అత్యవసరాలకు ఉంటుంది. వేదిక ఆరు నెలలు నడిపి చూస్తాం. డొమైన్ సంఘం పేరు మీద, అడ్మిన్లు ఇద్దరు, మోడరేటర్లు కమిటీ బయటివాళ్లు. లిఫ్టు కాంట్రాక్టుకు వచ్చిన కొటేషన్లన్నీ, నెల లెక్కలూ అక్కడ పెట్టాలన్నది మొదటి షరతుగా రాశాను. కోశాధికారి గారికి ఈ రాత్రే పంపుతున్నాను, ఆయన ఏమంటారో ఇక్కడే రాస్తాను.