డిసెంబర్‌లో తెల్లారుజామున బెంగళూరు ప్రయాణం, కారులో ఏమేం పెట్టుకోవాల?

తిరుచానూరు_రోడ్డు:
అన్నలూ, వచ్చే నెల అమ్మని బెంగళూరు ఆసుపత్రిలో చూపించాల, తొమ్మిదికి అక్కడుండాలంటే తిరుపతిలో మూడున్నరకే బయల్దేరాల. పోయిన జనవరిలో ఇట్లనే పోతే మొగిలి ఘాట్ ఎక్కేటప్పటికి మంచు కమ్మేసి బానెట్ ముందర ఏమీ కనపడలా, ఎట్లనో పలమనేరు దాటి టీకి ఆపినాం, మళ్లీ తాళం తిప్పితే టక్ టక్‌మని సౌండ్ తప్ప ఇంజిన్ తిరగలా. ఇంకో బండి బ్యాటరీతో స్టార్ట్ చేసుకునే జంపర్ కేబుల్ లేదు. గంటన్నర సేపు అమ్మ కొంగు తలకి చుట్టుకోని వణుకుతా కూర్చోనుండింది, అది నాకింకా కళ్లముందరే ఉంది. నెట్‌లో చూస్తే మంచు తోడే పారలు, టైర్లకి గొలుసులు అంటారు, మన రోడ్డుకి ఏం కావాలో తెలిసినోళ్లు చెప్పండి. పెట్రోల్ బండి, బ్యాటరీ నాలుగేళ్లది.

చిత్తూరు_గ్యారేజ్:
తమ్ముడూ, నాలుగేళ్లదంటే ముందు బ్యాటరీనే చూడు. రాత్రంతా బండి నిలబెట్టి పొద్దున స్టార్ట్ చేయకముందే మీటర్ పెట్టు, 12.6 వోల్టులుంటే ఫుల్, 12.2 దగ్గరుంటే సగమే. ఇంజిన్ నడస్తా ఉన్నప్పుడు 13.8 నుంచి 14.4 లోపల ఉండాల, తక్కువుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ చూపించు. చలికి బ్యాటరీ బలం తగ్గుతాది, ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పేదానికి ఇంకా ఎక్కువ బలం కావాల్సొస్తాది. కానీ మన జిల్లాలో బ్యాటరీని తినేది ఎండాకాలమే, మే నెలలో లోపల్లోపల చెడిపోయింది డిసెంబర్లో బయటపడతాది.

కేబుల్ మందంగా ఉండేది కొను, సన్నవి వేడెక్కిపోతాయి. తగిలించేది వరస తప్పకూడదు: ఎర్రది ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, ఇంకో కొన మంచి బ్యాటరీ ప్లస్‌కి, నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, ఆఖరి కొన మాత్రం నీ బ్యాటరీకి కాకుండా ఇంజిన్ మీద పెయింట్ లేని ఇనుముకి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటాది, ఆడ నిప్పురవ్వ లేస్తే పేలే ప్రమాదముంది. తీసేటప్పుడు ఇదే వరస వెనకనుంచి. స్టెప్నీలో గాలి కూడా చూపించు, అది అందరూ మర్చిపోతారు.

పలమనేరు_క్యాబ్:
వారానికి మూడు ట్రిప్పులు ఆ రోడ్డు మీదనే తిరుగుతాను బ్రో. మంచులో హై బీమ్ వేస్తే వెలుతురు తిరిగి మన కళ్లలోనే కొడతాది, లో బీమ్ చాలు. నడిపేటప్పుడు నాలుగు ఇండికేటర్లు వేసుకోని పోవద్దు, నువ్వు ఆగినావో పోతాండావో వెనకోడికి అర్థం కాదు. అద్దం లోపల ఆవిరి పడితే గుడ్డతో తుడస్తా కూర్చోకుండా ఏసీ ఆన్ చేసి గాలి ముందద్దం మీదకి పెట్టు, బయట గాలి లోపలికొచ్చే బటన్ నొక్కు, నిమిషంలో పోతాది. చలిలో ఏసీ ఏందని చాలామంది వేయరు, తడి లాగేది అదే.

అన్నిటికన్నా ముఖ్యం, బండి ఆగిపోతే మనిషి యాడ నిలబడతాడనేది. ఘాట్‌లో ఆగిన బండిని వెనకనుంచి లారీ గుద్దేది నేను కళ్లారా చూసినా. ఎడమకి మొత్తం దించి నాలుగు ఇండికేటర్లు వేసి, అమ్మని ఎడమ డోర్‌లోంచే దించి రెయిలింగ్ అవతలకి పంపి, తర్వాత వెనకొచ్చేవాళ్లకి హెచ్చరికగా పెట్టే ఎర్ర ట్రయాంగిల్ ఎత్తుకోని వెనక్కి కనీసం యాభై మీటర్లు పోయి పెట్టు. మలుపుంటే మలుపుకి ముందరే. హైవే హెల్ప్‌లైన్ 1033, అంబులెన్స్‌కి 108, రెండూ అమ్మ ఫోన్లో కూడా సేవ్ చెయ్. మంచు మరీ ఎక్కువుంటే బంగారుపాళెంలోనే బంకులో ఆగిపో, ఎండొచ్చినాక ఎక్కు.

మదనపల్లె_అక్క:
బండి సంగతి వాళ్లు చెప్పినారు, అమ్మ సంగతి నేను చెప్తా. మందమైన దుప్పటి, స్వెటర్, సాక్సులు, ఫ్లాస్కులో వేడినీళ్లు, రెండు రోజులకి మాత్రలు, టార్చి, పవర్ బ్యాంక్, ఇవన్నీ డిక్కీలో కాదు నాయనా, వెనక సీటు మీదనే. చలేస్తోందని అద్దాలన్నీ ఎత్తేసి ఇంజిన్ ఆన్‌లో పెట్టుకోని నిద్రపోవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు. అయినా ఒంట్లో బాగలేని మనిషిని మూడున్నరకి ఎందుకు లేపేది? ముందురోజు మధ్యాన్నమే పోయి ఆడ పడుకోండి.

తిరుచానూరు_రోడ్డు:
అక్కా, మీరు చెప్పినట్టే ముందురోజు రెండింటికి బయల్దేరతాం, అమ్మ కూడా అదే నయమనింది. ఈరోజు మీటర్ పెట్టిస్తే 12.1 చూపించింది, బ్యాటరీ మార్చేసినా. కేబుల్, ట్రయాంగిల్ కొన్నా. చిత్తూరు అన్నా, నల్లది తగిలించే ఆ ఇనుము చోటు మా బండిలో యాడుందో రేపు పగలే వెతికి చాక్‌పీసుతో గుర్తు పెట్టుకుంటా.