అప్‌డేట్: ఎక్సెల్‌లోకి ట్యాలీ డేటా రాని సమస్య తీరింది

పార్టీల బాకీలు ట్యాలీప్రైమ్ (లెక్కల సాఫ్ట్‌వేర్) నుంచి ఓడీబీసీ (ఒక ప్రోగ్రాంలోని డేటాను మరో ప్రోగ్రాం చదివే పద్ధతి) ద్వారా ఎక్సెల్‌లోకి తెద్దామంటే "ఆర్కిటెక్చర్ మిస్‌మ్యాచ్" ఎర్రర్ వస్తోందని పోయిన నెల అడిగాను. సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు.

"32 బిట్టా, 64 బిట్టా చూడండి" అన్న సలహాయే పనిచేసింది. మా కొట్టు కంప్యూటర్లో ట్యాలీ 64 బిట్, ఎప్పుడో వేయించిన ఆఫీస్ మాత్రం 32 బిట్. రెండూ ఒకే రకం కాకపోవడం వల్లే ఆ ఎర్రర్. ఎక్సెల్‌లో ఫైల్, అకౌంట్, అబౌట్ ఎక్సెల్ నొక్కితే ఆఫీస్ ఏ రకమో తెలుస్తుంది. విండోస్‌లో ఈ కనెక్షన్లు పెట్టుకునే ఓడీబీసీ అడ్మినిస్ట్రేటర్లు రెండుంటాయి, 32 బిట్‌కొకటి, 64 బిట్‌కొకటి. సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉన్నదే 64 బిట్‌ది, పేరు చూసి పొరబడకండి. పాత ఆఫీస్ తీసేసి 64 బిట్‌ది వేయించగానే ట్యాలీ డీఎస్ఎన్ (ఓడీబీసీలో ట్యాలీ కనెక్షన్ పేరు) పనిచేసింది.

ముందు ప్రయత్నించిన 9000 పోర్టు (ట్యాలీ కనెక్షన్‌కు వాడే నంబరు) మార్చడం, ఫైర్‌వాల్ ఆపడం మా విషయంలో అనవసరం. రెండూ మళ్లీ మామూలుగా పెట్టేశాను.

ట్యాలీ తెరిచి, కంపెనీ లోడ్ చేసి ఉంచితేనే డేటా వస్తుంది. అదీ చదవడానికే. ఎక్సెల్‌లో మార్చినవి ట్యాలీలోకి ఎక్కవు, విడిగా ఇంపోర్ట్ చేసుకోవాలి.

నాన్నగారు రోజూ రాత్రి కూర్చుని రాసే బాకీల జాబితా ఇప్పుడు రిఫ్రెష్ నొక్కితే వస్తోంది. చాలా సంతోషంగా ఉంది.