సొంత ఎండుగడ్డి టన్నుకు నిజంగా ఎంత పడుతుందో లెక్క కట్టడం ఎలా?

ప్రశ్న: పాడిరైతు

మాకున్న మేత పొలంలో గడ్డిని మేమే కోసి, ఆరబెట్టి, బేళ్లు (యంత్రంతో బిగించి కట్టిన గడ్డి మోపులు) కట్టి, పచ్చిమేత దొరకని నెలల్లో పశువులకు వేస్తున్నాం. డీజిల్, దారం, ఎరువు, కూలి ఖర్చులను పద్దు పుస్తకంలో రాసి, ఆ మొత్తాన్ని కట్టిన బేళ్ల సంఖ్యతో భాగిస్తున్నాను. అలా వచ్చే అంకె బయట కొనే గడ్డి ధరలో సగం కూడా ఉండటం లేదు. అయినా ఏడాది చివర ఆ మిగులు ఎక్కడా కనబడకపోవడంతో, లెక్కలోకి రాని ఖర్చులు ఏవో ఉన్నాయన్న అనుమానం కలుగుతోంది.

యంత్రాల ధరను ఏడాదికి ఎంత చొప్పున వేసుకోవాలి? పొలం సొంతమే అయినప్పుడు కౌలు లెక్కించడం సబబేనా? ఇంటి మనుషులు చేసిన పనికి కూలి కట్టాలా? బేళ్ల బరువు కోతకోతకూ మారుతుంది కనుక బేలుకు ఇంత అన్న లెక్కకు అర్థం ఉందా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది. బేళ్లు కట్టే మా యంత్రం, అంటే బేలర్, పాతబడింది. దాన్ని బాగు చేయించాలా, కొత్తది కొనాలా, బేళ్లు కట్టే పనిని అద్దె యంత్రానికి అప్పగించాలా అన్నది వచ్చే కోతలోపు తేల్చుకోవాలి కాబట్టి ఈ వివరాలు అడుగుతున్నాను.

జవాబు 1: పద్దులవారు

బేళ్ల బరువు గురించి మీరు అడిగినదాన్నే ముందుగా తీసుకోవాలి, ఎందుకంటే దేనితో భాగిస్తున్నామో తేలకుండా ఎంత ఖర్చయిందో రాసి ప్రయోజనం లేదు. బేలుతో భాగించకండి, బరువుతో భాగించండి. ఆ బరువు కూడా తేమ తీసివేసిన పొడి పదార్థం బరువై ఉండాలి. 20 శాతం తేమ ఉన్న టన్ను గడ్డిలో పొడి పదార్థం 800 కిలోలే ఉంటుంది, 14 శాతం తేమ ఉన్నదానిలో 860 కిలోలు ఉంటుంది. పశువు కడుపు నింపేది ఈ పొడి పదార్థమే కనుక, సొంత గడ్డిని కొన్న గడ్డితో పోల్చేటప్పుడు రెండింటినీ ఇదే కొలతలోకి తెచ్చుకోవాలి. ప్రతి కోతలోనూ కొన్ని బేళ్లను తూకం వేయించి సగటు తీసుకుంటే సరిపోతుంది, అన్నింటినీ తూచనవసరం లేదు.

ఇక ఖర్చుల విషయానికి వస్తే, మీరు రాసుకున్నవన్నీ జేబులోంచి బయటకు వెళ్లినవే. యంత్రం అరుగుదల, అందులో ఇరుక్కున్న డబ్బుకు వడ్డీ, యంత్రాన్నీ గడ్డినీ ఉంచే కొట్టం, బీమా, నేల విలువ, సొంత శ్రమ మీ పద్దులో లేవు. మీకు కనబడని మిగులు పోయింది వీటిలోకే అని నా అభిప్రాయం.

బేలర్ కొన్న ధర 100 అనుకుందాం. పదేళ్లు వాడిన తరువాత అమ్మితే 20 వస్తుందనుకుంటే, మిగిలిన 80ని పదేళ్లకు పంచితే తరుగుదల ఏడాదికి 8 అవుతుంది. కొన్న ధరకూ అమ్మకపు ధరకూ సగటు 60 కనుక, దానిపై 10 శాతం వడ్డీ 6 అవుతుంది. బీమాకూ కొట్టానికీ 2 వేసుకుంటే ఏడాదికి మొత్తం 16. యంత్రం పనిచేసినా మూలన పడి ఉన్నా ఈ 16 తప్పదు. ఏడాదికి 50 టన్నులు కడితే టన్నుకు 0.32 పడుతుంది, 200 టన్నులు కడితే 0.08 మాత్రమే పడుతుంది. అదే యంత్రం, అదే ధర, కానీ టన్నుపై పడే భారం నాలుగో వంతుకు దిగింది. చిన్న పొలాల గడ్డి ఖరీదు కావడానికి డీజిల్ కన్నా ఇదే పెద్ద కారణం. అప్పు తీసుకుని కొన్నవారు తరుగుదలనూ, అసలు కింద కట్టే వాయిదాలనూ రెండింటినీ రాస్తే ఒకే ఖర్చును రెండుసార్లు వేసుకున్నట్టవుతుంది, కాబట్టి తరుగుదలనూ వడ్డీనీ మాత్రమే ఉంచండి.

ట్రాక్టర్ వేరే పనులకూ వాడుతుంటే దాని స్థిర ఖర్చును గంటల ప్రకారం పంచాలి. గంటల మీటరు పనిచేస్తుంటే గడ్డి పని మొదలైనప్పుడూ ముగిసినప్పుడూ అంకె రాసుకోండి. డీజిల్‌కు మరింత సులువైన పద్ధతి ఉంది. ట్యాంకు నిండుగా నింపి కోతకు వెళ్లి, తిరిగి వచ్చాక మళ్లీ నిండేందుకు ఎన్ని లీటర్లు పట్టిందో చూస్తే ఆ పనికి అయినది తేలుతుంది.

ఖర్చులను రాసేటప్పుడు మరొక విభజన అవసరం. కోయడం, తిరగేయడం, వరుసకు లాగడం, నేల విలువ వంటివి ఎకరానికి పడే ఖర్చులు. గడ్డి పలుచగా ఉన్నా దట్టంగా ఉన్నా యంత్రం ఆ నేలంతా తిరగాల్సిందే. దారం, మోత, నిల్వ వంటివి టన్నుకు పడే ఖర్చులు. దిగుబడి సగానికి పడిపోయిన ఏడాది రెండో రకం దాదాపు మారదు, మొదటి రకం టన్నుకు రెట్టింపవుతుంది. అందువల్ల ఒక్క ఏడాది అంకెను పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు. మంచి ఏడాది, చెడ్డ ఏడాది కలిపి సగటు చూడాలి. లూసర్న్ వంటి బహువార్షిక మేత వేసినవారు దుక్కి, విత్తనం ఖర్చును ఆ పైరు నిలిచే ఏళ్లన్నింటికీ పంచుకోవాలి.

జవాబు 2: గడ్డివామి

పద్దులవారు చెప్పినదానికి నష్టాల లెక్క కలపాలి, ఎందుకంటే కోసిన గడ్డి అంతా పశువు నోటికి చేరదు. పొలంలో ఆరేటప్పుడు ఆకు రాలిపోవడం, కోసిన తరువాత కూడా మొక్క శ్వాసించడం, వాన పడితే కరిగే చక్కెరలు కొట్టుకుపోవడం వల్ల మొదటి నష్టం జరుగుతుంది. నిల్వలో రెండోది, మేపేటప్పుడు మూడోది. కోసిన పొడి పదార్థం 100 అనుకుని, పొలంలో 20 శాతం, కొట్టంలో 5 శాతం, మేపేటప్పుడు 10 శాతం పోయాయనుకుంటే, వరుసగా 80, 76 మిగిలి, చివరకు పశువు తినేది 68 చుట్టుపక్కల ఉంటుంది. అంటే పొలంలో నిలబడి ఉన్న గడ్డిపై కట్టిన ఖర్చు, తిన్న గడ్డిపై కట్టేసరికి సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది.

గుండ్రటి బేళ్లను ఆరుబయట ఉంచేవారు ఒక్కసారి ఈ లెక్క చూడాలి. 1.5 మీటర్ల వ్యాసమున్న బేలు చుట్టూ 15 సెంటీమీటర్ల మందాన కుళ్లితే, లోపల మిగిలే వ్యాసం 1.2 మీటర్లు. పైకి చూస్తే కేవలం జానెడు కన్నా తక్కువ పొర పోయినట్టు కనబడుతుంది, కానీ ఘనపరిమాణంలో 36 శాతం పోతుంది. నేలకు ఆనుకున్న అడుగుభాగం తేమను పీల్చుకుని అన్నిటికన్నా ముందు నల్లబడుతుంది. కొట్టం ఖర్చు, టార్పాలిన్ ఖర్చు దండగ అనుకునేవారు ఈ అంకెను తమ గడ్డి విలువతో గుణించి చూసుకోవచ్చు.

నష్టానికి మూలం చాలాసార్లు తొందరపడి కట్టడమే. కాండాన్ని కణుపు దగ్గర గోటితో గీరినప్పుడు పైతోలు తేలిగ్గా ఊడివస్తే లోపల ఇంకా తేమ ఉన్నట్టే. తేమ 20 శాతం దాటిన బేళ్లకు బూజు పడుతుంది, లోపల వేడి పుడుతుంది, పెద్ద వామిలో ఆ వేడి పెరిగి మంటలు రేగిన సందర్భాలూ ఉన్నాయి. మరీ ఎండనిస్తే ఆకు పొడిపొడిగా రాలిపోతుంది, అందుకే పప్పుజాతి మేతను వరుసకు లాగే పనిని మంచు తడి కాస్త ఉన్నప్పుడు, ఉదయం పూట చేయడం మేలు.

జవాబు 3: నేలతడి

ఎరువు కొన్నప్పుడు మాత్రమే ఖర్చు రాయడం సరికాదని నా మనవి. గడ్డి తన వెంట నేల సారాన్ని తీసుకుపోతుంది. 10 శాతం మాంసకృత్తులున్న పొడి పదార్థం 850 కిలోలు తీసుకుంటే, అందులో మాంసకృత్తులు 85 కిలోలు, వాటిని 6.25తో భాగిస్తే నత్రజని 13 కిలోలకు పైగా ఉంటుంది. పొటాష్ అంతకన్నా ఎక్కువగా పోవడం మామూలే. ఈ ఏడాది ఎరువు వేయకపోతే ఖర్చు తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, అది నేల నుంచి తీసుకున్న అప్పు. మీ పశువులే తిని, ఆ పేడ ఆ పొలానికే తిరిగి చేరితే భాస్వరం, పొటాష్‌లలో చాలా భాగం వెనక్కి వస్తుంది, నత్రజనిలో కొంత గాలిలో కలిసిపోతుంది. పేడ వేరే చేనుకు వెళుతుంటే దాని విలువను గడ్డి పద్దులో ఖర్చుగానూ, ఆ చేను పద్దులో ఎరువుగానూ రాయాలి.

పాడిరైతు

ముగ్గురికీ ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. మా పొలం వాలుగా ఉన్న నేల, దున్ని వేరే పంట వేయడానికి పనికిరాదు, కౌలుకు తీసుకునేవారూ లేరు. అలాంటప్పుడు నేల విలువను సున్నా అనుకోవచ్చా? బేలర్ సంగతి కూడా దయచేసి చెప్పగలరు.

జవాబు 4: పద్దులవారు

ఆ నేలను గడ్డికి కాకుండా మరి దేనికి వాడగలరో, అందులో వచ్చే ఆదాయమే దాని విలువ. కౌలుదారు లేకపోయినా పశువులను అందులోకి తోలి నేరుగా మేపగలిగితే, కోత, మోత ఖర్చులు లేకుండా దక్కే ఆ మేత విలువ సున్నా కాదు. సొంత శ్రమకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఆ గంటల్లో వేరే పని దొరికేదైతే అక్కడి కూలి వేయండి. దొరకనిదైతే తక్కువ వేయవచ్చు, కానీ వదిలేయకండి. ఇంట్లోవాళ్ల కష్టాన్ని ఉచితమని రాసే పద్దు నాకు ఎప్పుడూ నచ్చదు.

బేలర్ విషయంలో గతంలో దానికి ఎంత పెట్టారన్నది ఇప్పుడు అనవసరం, అది తిరిగి రాదు. పాతదాన్ని ఉంచుకుంటే రాబోయే ఏడాదిలో దాని అమ్మకపు ధర ఎంత తగ్గుతుంది, మరమ్మతుకు ఎంత పడుతుంది, కోత మధ్యలో అది ఆగిపోతే వాన పాలయ్యే గడ్డి విలువెంత అన్నవే చూడాలి. ఈ మూడో అంకెను ఎవరూ రాయరు, పాత యంత్రం విషయంలో అదే పెద్దది కావచ్చు.

కొత్తది కొనడమా, అద్దెకు పిలవడమా అన్నదానికి పై ఉదాహరణనే వాడుకోండి. ఏడాదికి తప్పని ఖర్చు 16. అద్దె యంత్రం టన్నుకు 0.20 అడుగుతోంది, సొంత యంత్రానికి డీజిల్, దారం, మనిషి కలిపి టన్నుకు 0.08 అవుతోంది అనుకుంటే, ప్రతి టన్నుపై ఆదా 0.12. 16ను 0.12తో భాగిస్తే 133 వస్తుంది. ఏడాదికి అంతకన్నా తక్కువ టన్నులు కట్టేవారు కొనకపోవడమే లాభం. అయితే అద్దె యంత్రం మనం పిలిచిన రోజు రాకపోవచ్చు; ఆలస్యమైన కొద్దీ ముదిరిన గడ్డిలో పీచు పెరిగి మాంసకృత్తులు తగ్గుతాయి, ఆ లోటును దాణాతో పూడ్చాల్సి వస్తుంది. ఆ అదనపు దాణా ఖర్చును అద్దె వైపు రాసి మళ్లీ లెక్క వేయండి. పక్క పొలాలవారితో కలిసి కొంటే టన్నులు పెరుగుతాయి, కానీ ఎండ కాసిన రోజున అందరికీ అదే యంత్రం కావలసి ఉంటుంది కనుక, ఎవరి వంతు ఎప్పుడన్నది ముందే రాసుకోవాలి.

అద్దెకే మొగ్గితే, దారం ఎవరిదో, కిరాయి బేలుకా బరువుకా అన్నది పని మొదలుకాకముందే తేల్చుకోండి. బేలు లెక్కన అయితే వదులుగా కట్టిన కొద్దీ బేళ్ల సంఖ్య పెరిగి, అదే గడ్డికి మీరు ఎక్కువ కిరాయి, ఎక్కువ దారం, ఎక్కువ మోత కూలి చెల్లించాల్సి వస్తుంది.