14 మీటర్ల బోటుకి ఓపెన్ యారే రాడార్ పెట్టించాలా, డోమ్ సరిపోతుందా?

విశాఖ బోటు:

అందరికీ నమస్కారం. మాది విశాఖ ఫిషింగ్ హార్బర్, 14 మీటర్ల చెక్క ట్రాలర్, పైన ఫైబర్ కోటింగ్. ఇన్నాళ్లూ జీపీఎస్, ఫిష్ ఫైండర్, వీహెచ్‌ఎఫ్ రేడియోతోనే నెట్టుకొచ్చాం. మొన్న జనవరిలో తెల్లవారుజామున మంచు పట్టేసింది, వల నీళ్లలో ఉంది, ఎటూ తిప్పలేని పరిస్థితి, ఒక పెద్ద ఓడ ఇంజిన్ చప్పుడు వినిపించేదాకా అది వస్తున్నట్టే తెలియలేదు. మా అణియం (బోటు ముందు కొస) ముందు నుంచి దాటి వెళ్లిపోయింది. ఆ అలకి బోటు ఊగుతుంటే నాన్న ముఖం చూశాను, అప్పటినుంచి ఆయన వేటకి వెళ్లిన ప్రతి రాత్రీ నాకు టెన్షనే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బోటు ఎలాగూ ఆగి ఉంటుంది, అప్పుడే రాడార్ బిగించేయాలని ఉంది.

ఒక డీలర్ 4 అడుగుల ఓపెన్ యారే (యాంటెనా బార్ బయటికే కనిపిస్తూ తిరిగేది), 6 కిలోవాట్లు, 64 నాటికల్ మైళ్ల రేంజ్ అంటున్నాడు. ఇంకొకాయన మీ బోటుకి 24 అంగుళాల డోమ్ (యాంటెనా గుండ్రటి మూత లోపల తిరిగేది), 4 కిలోవాట్లు చాలంటున్నాడు. ధరలో చాలా తేడా ఉంది. ఏది తీసుకోవాలి? ఎక్కడ బిగించాలి?

హార్బర్ వైరింగ్:

ముందు ఆ 64 మైళ్ల మాట పక్కన పెట్టండి. రాడార్ కిరణం దాదాపు తిన్నగా పోతుంది, భూమి వంపు అడ్డం వస్తుంది. మీ యాంటెనా నీటికి 6 మీటర్ల ఎత్తులో ఉంటే, 3 మీటర్ల ఎత్తున్న ఇంకో బోటు 9 మైళ్లకి అటూ ఇటూ దాకే అందుతుంది, 30 మీటర్ల ఎత్తున్న ఓడైనా 17 మైళ్లు. అంతకు మించి కనిపించేవి వానమబ్బులు, పెద్ద కొండలే. రేంజ్ కోసం, కిలోవాట్ల కోసం డబ్బు పెట్టకండి. పెడితే యాంటెనా పొడవు మీద పెట్టండి, ఓపెన్ యారే అసలు గొప్ప అక్కడే ఉంది. పొడవు పెరిగేకొద్దీ కిరణం సన్నబడుతుంది. 24 అంగుళాల డోమ్‌కి సుమారు 4 డిగ్రీలు, 4 అడుగుల బార్‌కి 2 డిగ్రీల లోపు. అంటే 3 మైళ్ల దూరంలో డోమ్ కిరణం వెడల్పు దాదాపు 390 మీటర్లు, బార్ కిరణం 185 మీటర్లు. అక్కడ రెండు బోట్లు 250 మీటర్ల ఎడంలో పక్కపక్కన వల లాగుతున్నాయనుకోండి, డోమ్‌లో రెండూ కలిసి ఒకే మచ్చ, బార్‌లో విడివిడిగా రెండు చుక్కలు. రొయ్యల సీజన్‌లో బోట్లన్నీ ఒకేచోట గుమిగూడినప్పుడు ఈ తేడా చాలా పెద్దది.

కానీ మీ అసలు భయం ఓడ. అంత పెద్ద ఇనుప ఓడని మంచి డోమ్ కూడా దూరం నుంచే చూపిస్తుంది.

పాత సరంగు:

బాబూ, 30 ఏళ్లు ట్రాలర్ మీదే ఉన్నాను. నేనైతే ట్రాలర్‌కి డోమే పెట్టమంటాను. తిరిగే బార్ దగ్గరికి తాడు, జెండా కర్ర, ఊగే లైటు వైరు ఏది పోయినా చుట్టుకుంటుంది. మా బోటు మీద అలాగే ఒక తాడు చుట్టుకుని మోటార్ కాలిపోయింది, మిగతా 6 రోజులూ రాడార్ లేకుండానే వేట చేశాం. బరువు కూడా చూడాలి. బార్, గేర్‌బాక్స్ కలిపి 20 కిలోలు దాటుతుంది, డోమ్ 10 కిలోల అటూ ఇటూ. మాస్ట్ మీద ఆ బరువు పెడితే పక్క అలకి ఊగుడు తేడా కాళ్లకి తెలుస్తుంది. మీకు బలమైన ఇనుప మాస్ట్, చుట్టూ ఖాళీ ఉంటే అప్పుడు బార్ ఆలోచించండి.

ఇంకో మాట. అలల మచ్చలు చిరాకు పెడుతున్నాయని వాటిని తగ్గించే సీ క్లట్టర్ నాబ్ పూర్తిగా తిప్పేస్తారు మన కుర్రాళ్లు. తెర శుభ్రంగా కనిపిస్తుంది, దాంతోపాటు దగ్గర్లో ఉన్న తెప్ప కూడా మాయమవుతుంది. కొంచెం మచ్చలు మిగిలేలాగే ఉంచాలి.

ఓడ మీద ఉద్యోగి:

తమ్ముడూ, నేను మర్చంట్ నేవీలో డెక్ ఆఫీసర్‌ని, మాది గాజువాక. బ్రిడ్జి మీద నుంచి మాకు మీరు ఎలా కనిపిస్తారో చెబుతాను. చెక్క, ఫైబర్ బోటు రాడార్‌లో చాలా బలహీనంగా వస్తుంది, అల లేస్తే క్లట్టర్‌లో, అంటే అలల మచ్చల్లో, కలిసిపోతుంది. కాబట్టి మీరు ఏ రాడార్ కొన్నా, దాంతోపాటు ఒక రాడార్ రిఫ్లెక్టర్ (ఓడ రాడార్ కిరణాన్ని బలంగా తిప్పి పంపేది) కొని మాస్ట్ మీద ఎత్తుగా కట్టండి. రాడార్ ధరలో అది లెక్కలోకే రాదు. మీ రాడార్ ఓడని మీకు చూపిస్తుంది, మిమ్మల్ని ఓడకి చూపించేది అదే.

లెక్క కూడా చూడండి. ఓడ 15 నాట్ల వేగంతో వస్తుంటే 6 మైళ్లు 24 నిమిషాల్లో దాటేస్తుంది. వల నీళ్లలో ఉన్న బోటుకి ఆ 24 నిమిషాలే బతుకు. అందుకే రాత్రి 6 మైళ్ల స్కేల్ పెట్టుకుని, మధ్యమధ్యలో 12కి మార్చి చూడాలి, గార్డ్ జోన్ అలారం (మీరు పెట్టిన హద్దులోకి ఏదైనా వస్తే మోగేది) ఆన్‌లో ఉంచాలి. మీ బోటు నుంచి చూస్తే ఎదుటి ఓడ కనిపించే దిక్కు మారకుండా దూరం మాత్రమే తగ్గుతూ ఉంటే అది మీ మీదికే వస్తోందని అర్థం. అలారం ఉంది కదా అని కాపలా మనిషిని పడుకోనివ్వకండి.

విశాఖ బోటు:

చాలా థాంక్స్. సరంగు బాబాయ్ చెప్పింది విన్నాక నాన్న కూడా డోమ్ వైపే మొగ్గారు, మా మాస్ట్ పక్కనే డెరిక్ (వల ఎత్తే దూలం) తాళ్లు ఉన్నాయి. రిఫ్లెక్టర్ ఈ వారమే కొంటున్నాం. వైరింగ్ అన్నా, బిగించేటప్పుడు నేను పక్కన నిలబడి ఏం చూసుకోవాలి?

హార్బర్ వైరింగ్:

మీ బోటుకి మంచి నిర్ణయమే. కేబిన్ పైకప్పు మీద మనుషులు నిలబడి పనిచేస్తారా? అయితే యాంటెనా వాళ్ల తలల కంటే బాగా పైన ఉండాలి, కిరణం మనిషి మీద పడకూడదు. ముందు వైపు మాస్ట్ అడ్డం రాకుండా చూడండి, అడ్డం ఉన్న దిక్కులో గుడ్డి మచ్చ మిగిలిపోతుంది. జీపీఎస్ యాంటెనా అదే ఎత్తులో ఎదురుగా వద్దు. దిక్సూచికి ఎంత దూరం ఉండాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, కేబిన్‌లో తెర పెట్టేటప్పుడు కూడా అది పాటించండి. పొడుగైపోయిందని కేబుల్‌ని మధ్యలో కోసి అతకనివ్వకండి, మిగిలింది చుట్టి పెట్టాలి. కేబిన్‌లోకి దిగే చోట కేబుల్ కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లాలి, లేకపోతే వాన నీళ్లు దాని వెంటే నడిచి లోపలికి వస్తాయి. 24 వోల్టుల బ్యాటరీ నుంచి విడిగా, లావు వైరుతో, సొంత బ్రేకర్‌తో లాగించండి. తర్వాత ఎప్పుడు మాస్ట్ ఎక్కినా ముందు ఆ బ్రేకర్ దించి ఎక్కాలి.

నీళ్లలోకి దింపాక దిక్కు సరిచేయడం మర్చిపోతారు చాలామంది. అణియాన్ని తిన్నగా ఒక బోయ్ (నీళ్లలో తేలే గుర్తు) వైపు తిప్పి, తెర మీద ఆ చుక్క హెడింగ్ గీత (అణియం దిక్కు చూపే గీత) మీదే పడుతోందో లేదో చూడాలి. 5 డిగ్రీలు పక్కకి ఉంటే రాత్రి ఓడ ఎటు దాటుతుందో తప్పుగా అర్థమవుతుంది. జూన్‌లో మొదటి వేటకి ముందు మంచి వెలుతురున్న రోజు డాల్ఫిన్స్ నోస్ ముందు ఒక పూట తిరగండి, కంటికి కనిపించే ప్రతి బోటునీ తెర మీద వెతకండి, మీ నాన్నగారిని పక్కనే కూర్చోబెట్టుకోండి.