‘వివృత’ అంటే సరిపోతుందా? ఓపెన్ క్వాంటం వ్యవస్థల సిమ్యులేషన్‌లో పదాల గురించి

ప్రశ్న: ఓపెన్ క్వాంటం మెనీబాడీ సిస్టమ్స్‌ని ‘వివృత బహుకణ క్వాంటం వ్యవస్థలు’ అని రాయవచ్చా? ఉష్ణగతిశాస్త్రంలో ‘వివృత’కు ఇప్పటికే ఒక అర్థం స్థిరపడి ఉంది కదా.

జవాబు: మీ అనుమానం న్యాయమైనదేనండీ. ఉష్ణగతిశాస్త్రంలో పదార్థమూ శక్తీ రెండూ హద్దు దాటితేనే వివృతం. శక్తి ఒక్కటే దాటితే సంవృతం. క్వాంటంలో ఈ గీత చెల్లదు. పరమాణువు ఒక ఫోటాన్‌ని బయటికి వదిలినా వివృతమే, శక్తి ఏమాత్రం మారకుండా ఫేజ్ ఒక్కటే చెదిరినా వివృతమే. పరిసరంతో ఎంటాంగిల్ అయితే, అంటే రెండింటి స్థితులనూ విడదీసి చెప్పలేనట్టు పెనవేసుకుంటే, చాలు. కాబట్టి మొదటిసారి వాడేటప్పుడు ‘పరిసరంతో ముడిపడిన’ అని విడమరచి, ఆ తర్వాత ‘వివృత’ అనండి.

మరో జవాబు: ఆ ముడి వల్లే లెక్క బరువెక్కుతుంది. వ్యవస్థ స్థితిని చెప్పే తరంగ ప్రమేయం ఒక్కటే చాలదు, స్థితుల సంభావ్య మిశ్రమాన్ని చెప్పే డెన్సిటీ మాట్రిక్స్ కావాలి. 20 క్యూబిట్లకు (రెండు స్థాయిల క్వాంటం వ్యవస్థలకు) తరంగ ప్రమేయంలో 2²⁰, అంటే 10,48,576 సంకీర్ణ సంఖ్యలుంటాయి. ఒక్కోటి 16 బైట్లయితే సుమారు 17 మెగాబైట్లు. డెన్సిటీ మాట్రిక్స్‌కు 2⁴⁰ సంఖ్యలు, దాదాపు 17.6 టెరాబైట్లు! ఒక్క క్యూబిట్ చేరితే అది నాలుగింతలవుతుంది. ఇక్కడ ‘పెద్ద వ్యవస్థ’ అంటే ఇలా లెక్క పెద్దదైనదే, వస్తువు పరిమాణం కాదు.

డెన్సిటీ మాట్రిక్స్ కాలంతో ఎలా మారుతుందో చెప్పే లిండ్‌బ్లాడ్ సమీకరణం 1976 నాటిది. అదే ఏడాది గోరిని, కొసకోవ్‌స్కీ, సుదర్శన్ కూడా విడిగా దాన్ని రాబట్టారు కాబట్టి నాలుగు పేర్లూ చెప్పడమే సబబు. పరిసరానికి జ్ఞాపకం లేదన్న ఊహ మీద అది నిలబడుతుంది. పరిసరం నెమ్మదిగా మరిచిపోయేదైతే ఫలితం తప్పుతుంది.

ప్రశ్న: ‘క్వాంటం జంప్’ని, అంటే వ్యవస్థ స్థితి ఒక్కసారిగా మారడాన్ని, ‘దూకుడు’ అనవచ్చా?

జవాబు: వద్దండీ, ‘దూకుడు’ అనగానే తెగువ, ఆవేశం గుర్తొస్తాయి. ‘గెంతు’ బాగుంటుంది. ఈ గెంతుల మీద ఆధారపడి 1992లో దాలిబార్, కాస్టిన్, మోల్మర్ ప్రచురించిన పద్ధతిలో 17.6 టెరాబైట్ల భారం మళ్ళీ 17 మెగాబైట్లకు దిగుతుంది. 0, 1 మధ్య ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసుకోవాలి. నాన్‌హెర్మిషియన్ హామిల్టోనియన్‌తో (పరిసరానికి పోయే నష్టాన్నీ కలుపుకున్న శక్తి ఆపరేటర్‌తో) తరంగ ప్రమేయాన్ని నడిపితే దాని నార్మ్ (పొడవు) వర్గం తగ్గుతూ వస్తుంది. అది ఆ సంఖ్యను తాకిన క్షణాన గెంతు. ఏ గెంతు అన్నది వాటి రేట్ల నిష్పత్తిలో ఎంచుకుని, ఆ గెంతు ఆపరేటర్‌ని వర్తింపజేసి, నార్మ్‌ని 1 చేసి, కొత్త సంఖ్యతో సాగాలి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ప్రతి అడుగులోనూ నార్మ్‌ని 1 చేయడం. అలా చేస్తే నార్మ్ తగ్గదు, గెంతే రాదు. ఇలాంటి పరుగులు అనేకం చేసి సగటు తీయాలి. దోషం సగం కావాలంటే పరుగులు నాలుగింతలు కావాలి.

మరో జవాబు: 20 కాదు, 100 క్యూబిట్ల గొలుసైతే తరంగ ప్రమేయమూ పట్టదు. అప్పుడు టెన్సర్ నెట్‌వర్క్, అంటే పెద్ద పట్టికను ఒకదానికొకటి కలిసిన చిన్న పట్టికలుగా విడగొట్టి రాయడం. దీనిలో ‘ట్రంకేషన్’కి ‘కత్తిరింపు’ అనే మాట నప్పుతుంది: చిన్న సింగ్యులర్ విలువలను (ముక్కల మధ్య ముడిలో ఒక్కో భాగం బరువు చెప్పే సంఖ్యలను) నిజంగానే కత్తిరించేస్తాం. డెన్సిటీ మాట్రిక్స్‌ని నేరుగా అలా కత్తిరిస్తే ఐగెన్ విలువలు కొన్ని రుణాత్మకం కావచ్చు, అంటే రుణ సంభావ్యతలు! ట్రేస్ (కర్ణం మీది సంఖ్యల మొత్తం) 1 ఉందని చూసి తృప్తిపడకూడదు, అది ఈ లోపాన్ని పట్టదు. ప్యూరిఫికేషన్ రూపంలో (ఒక మాట్రిక్స్‌ని దాని సంయుగ్మ వ్యత్యయంతో గుణించినట్టు) రాస్తే ధనాత్మకత నిలుస్తుంది, కానీ బాండ్ డైమెన్షన్ (చిన్న పట్టికలను కలిపే సూచికల పరిమాణం) పెరగవచ్చు. ఏ రూపంలోనైనా బాండ్ డైమెన్షన్‌ని రెట్టింపు చేసి మళ్ళీ నడపండి. కొలిచిన రాశి కదిలితే ఆ కత్తిరింపు ఎక్కువైనట్టే.