ఈసీజీలో అలల పేర్లు ‘పి’ నుంచే ఎందుకు మొదలవుతాయి?

ఈసీజీ గది (ప్రశ్న)

నేను పదకొండేళ్లుగా ఒక ఆసుపత్రిలో ఈసీజీ తీసే పని చేస్తున్నాను. మొన్న శిక్షణకు వచ్చిన ఒక అమ్మాయి కాగితం మీద మొదటి చిన్న గుబ్బను చూపించి, “దీన్ని ‘ఎ’ అనకుండా ‘పి’ అని ఎందుకన్నారు సార్?” అని అడిగింది. అది గుండె పైగదులైన కర్ణికల్లో పుట్టే విద్యుత్ అల అని చెప్పగలిగాను గాని, పేరు సంగతి చెప్పలేకపోయాను. ఆ పేర్లు పెట్టింది విలెమ్ ఐన్‌తోవెన్ అని, ఆయనకు 1924లో నోబెల్ బహుమతి వచ్చిందని మాత్రం చదివాను. ఆయన గుండె జబ్బుల డాక్టరు కూడా కాదట. అక్షరాల కథతో పాటు, ఆయన ఈ పనిలోకి ఎలా వచ్చారో తెలిసినవారు వివరించగలరు.

శరీరధర్మ పాఠం

మీరు అడిగినవి రెండు ప్రశ్నలైనా జవాబు ఒక్కచోటే ఉంది. ఐన్‌తోవెన్ 1860లో జావా ద్వీపంలోని సెమరాంగ్‌లో పుట్టారు. డాక్టరైన తండ్రి చిన్నతనంలోనే పోతే, తల్లి పిల్లలను వెంటబెట్టుకుని నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌కు చేరింది. పాతికేళ్లు దాటీ దాటకముందే ఆయన లైడెన్ విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్ర ఆచార్యుడయ్యారు. మొదట్లో ఆయన పరిశోధన శ్వాసనాళాల మీద, కంటిచూపు మీద సాగింది.

మనిషి గుండె విద్యుత్తును ఒంటి మీది నుంచి 1887లో మొదట నమోదు చేసినవారు లండన్‌లోని ఆగస్టస్ వాలర్. ఆయన వాడిన పరికరం ఒక సన్నని గాజుగొట్టం. అందులో పాదరసం, దాని మీద పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం. విద్యుత్తు మారినప్పుడల్లా పాదరసపు అంచు కదిలేది, ఆ కదలిక నీడను ఫొటో తీసేవారు. చిక్కేమిటంటే, గుండె విద్యుత్తు సెకనులో వందో వంతులో మారిపోతుంటే, పాదరసం మాత్రం పెళ్లి ఊరేగింపులా తీరిగ్గా వెనకాల వచ్చేది. అందువల్ల ఫొటోలో పడిన గీత గుండె గీసినది కాదు, పాదరసం ఆలస్యంతో కలిసి గీసినది.

ఐన్‌తోవెన్ ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి, గీతలో ప్రతి బిందువు దగ్గర వాలును కొలిచి, అసలు గీత ఎలా ఉండాలో కాగితం మీద మళ్లీ గీశారు. ఫొటోలోని గుబ్బలకు అప్పటికే ఎ, బి, సి, డి అని పేర్లున్నాయి. 1895లో లెక్కించి గీసిన కొత్త గీతకు అవే అక్షరాలు పెడితే రెండూ కలిసిపోతాయి గనక, పి, క్యూ, ఆర్, ఎస్, టి అన్నారు. రేఖాగణితంలో వక్రరేఖ మీది బిందువులకు ‘పి’ మొదలుకొని పేర్లు పెట్టే అలవాటు దీనికి దారి చూపిందని కొందరు చరిత్రకారులంటారు. నాకూ అది సబబుగానే తోస్తుంది.

తీగల మేస్త్రి

పై జవాబుకు కొనసాగింపుగా పరికరాల వైపు నుంచి ఒక మాట. ప్రతి రోగికీ అంత లెక్క చేస్తూ కూర్చోవడం కుదిరే పని కాదు. ఆలస్యానికి మూలం కదిలే వస్తువు బరువే గనక, బరువే లేనంత సన్నని వస్తువు కావాలి. ఐన్‌తోవెన్ క్వార్ట్జ్ అనే గాజులాంటి ఖనిజాన్ని కరిగించి, ఆ ముద్దకు తగిలించిన బాణాన్ని వదిలితే అది సాగదీసుకుపోయిన పోగును, కంటికి ఆననంత సన్నని దాన్ని, వెండిపూత పూసి బలమైన విద్యుదయస్కాంతం ధ్రువాల మధ్య బిగించారు. గుండె విద్యుత్తు పోగులో పారితే అది పక్కకు ఒరిగేది. ఆ నీడను సూక్ష్మదర్శినితో పెద్దది చేసి, కదిలే ఫొటో పలక మీద పట్టేవారు. యంత్రం బరువు దాదాపు 270 కిలోలు, నడపడానికి అయిదుగురు కావాలి, అయస్కాంతాన్ని చల్లార్చడానికి నీళ్లు పారుతూ ఉండాలి. రోగి రెండు చేతులూ ఎడమకాలూ ఉప్పునీటి పాత్రల్లో పెట్టి కూర్చునేవాడు.

మీ వృత్తికి దగ్గరి సంగతి ఇంకొకటి. 1903 నాటి వ్యాసంలోనే ఆయన అడ్డంగా ఒక మిల్లీమీటరు 0.04 సెకను, నిలువుగా ఒక మిల్లీమీటరు 0.1 మిల్లీవోల్టు అని కొలత పెట్టారు. మీరు రోజూ లెక్కపెట్టే చిన్న గడి అదే.

ఈసీజీ గది

ఇద్దరికీ ధన్యవాదాలు. అంత బరువైన యంత్రం దగ్గరికి మంచాన పడిన రోగిని ఎలా తెచ్చేవారు?

శరీరధర్మ పాఠం

తెచ్చేవారు కాదండీ. ఆసుపత్రికీ ప్రయోగశాలకూ మధ్య ఉన్న సుమారు కిలోమీటరున్నర దూరాన్ని టెలిఫోను తీగలతో కలిపారు. రోగి అక్కడ, గీత ఇక్కడ. అలా తీసిన గీతల్లోనే హార్ట్ బ్లాక్ (గుండెలో విద్యుత్తు దారికి అడ్డు), కర్ణికల కంపనం వంటి లయదోషాలను 1906లో ప్రచురించారు. విచిత్రమేమిటంటే, దారి చూపిన వాలర్ 1911లో కూడా ఈసీజీకి ఆసుపత్రుల్లో పెద్దగా వాడకం ఉండదనే అనుకున్నారు. దాన్ని రోగి మంచం పక్కకు చేర్చడంలో లండన్‌కు చెందిన వైద్యుడు థామస్ లూయిస్‌ది పెద్ద పాత్ర.

ఈసీజీ గది

కాళ్లలో ఎడమకాలు మాత్రమే పాత్రలో పెట్టించేవారన్న మాట దగ్గర ఆగిపోయాను. కుడికాలి క్లిప్పు ఎర్త్ కోసమేనని, ఏ లీడ్ (ఒంటి మీది రెండు చోట్ల మధ్య విద్యుత్తు తేడాను చూపే గీత) లెక్కలోకీ రాదని మాకు నేర్పారు. ఆ అమ్మాయి రేపు దాని గురించే అడిగేలా ఉంది.